మన కణాలు మనలో ఏ ముక్కను చూపిస్తాయి?

2022 అక్టోబరు చివర్లో నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని స్వయంగా ప్రకటించారు. ఫిల్మ్‌నగర్ వార్త కాబట్టి అది వెంటనే ప్రతి తెలుగింటికీ చేరింది, దాని వెంట ‘ఆటో ఇమ్యూన్’ అనే మాటా చేరింది. ఆ మాటకు ఎక్కడ విన్నా దాదాపు ఒకటే వివరణ: కాపాడవలసిన వ్యవస్థ పొరపాటున సొంత శరీరాన్నే శత్రువనుకుని దాడి చేస్తుంది. వినగానే అర్థమయ్యే వాక్యమే. కానీ మన రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరాన్ని ఎప్పుడో పొరపాటున చూస్తుందన్న భావన అందులో దాగి ఉంది. నిజానికి అది పుట్టకముందు నుంచి చివరిదాకా అన్నిటికంటే ఎక్కువగా చూసేది సొంత శరీరాన్నే. ఆరోగ్యంగా ఉన్న మనిషి కణాల మీద కనబడే ముక్కలన్నీ దాదాపు ఆ మనిషివే.

కణం లోపలి ప్రోటీన్లు ముక్కలవుతాయి. ఆ ముక్కల్లో కొన్ని మాత్రమే ఎంపికై, కణం ఉపరితలానికి చేరి, రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి-కణాల కంటబడతాయి. ఈ ఎంపిక ఎలా జరుగుతుందో గత అరవై ఏళ్లలో చాలా తెలిసింది, కొంత ఇంకా తగాదాలోనే ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆటో ఇమ్యూన్ జబ్బుల్లో తేల్చవలసిన మొదటి సంగతి, సొంత ముక్కల్లో ఏది బయటికి వస్తోంది, ఏది రావడం లేదు అన్నదే. ఆ ఎంపిక జన్యువులను బట్టి మనిషి మనిషికీ మారుతుంది, సమూహాన్ని బట్టి కూడా మారుతుంది. అందువల్ల వేరే దేశాలవాళ్ల శరీరాల్లో చదివిన జాబితాతో మనవాళ్ల వైద్యం సాగించడం చాలదు.

మధురానగర్ మెట్రో స్టేషన్‌కు కొద్ది కిలోమీటర్ల లోపే నాలుగు పెద్ద ఆసుపత్రులున్నాయి: పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ, బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి, జూబ్లీహిల్స్‌లో అపోలో. వీటిలో రెండింటి పుట్టుకలో సినిమావాళ్ల చేయి ఉంది. నేత్ర సంస్థకు దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలమూ విరాళమూ ఇచ్చింది. క్యాన్సర్‌తో పోయిన భార్య పేరు మీద ఎన్.టి. రామారావు తలపెట్టిన ఆసుపత్రి 2000లో తలుపులు తెరిచింది. తెల్లవారుజామున నడుము పట్టేసి మంచం దిగలేని యువకుడు, కన్ను ఎర్రబడి వెలుగు భరించలేని రోగి, కిడ్నీ కోసం ఎదురుచూసే మనిషి, మూలకణాల మార్పిడికి సిద్ధమవుతున్న ల్యుకేమియా బిడ్డ వేర్వేరు విభాగాల ముందు కూర్చుంటారు. వాళ్లకు రాసే రక్తపరీక్షల్లో మాత్రం ఒక పేరు ఉమ్మడిగా కనబడుతుంది: హెచ్‌ఎల్‌ఏ.

ఆరో క్రోమోజోము మీద ఒకచోట గుంపుగా ఉన్న జన్యువులు తయారుచేసే అణువులివి. ప్యారిస్‌లో జాన్ డోసే 1958లో వీటిలో మొదటిదాన్ని, పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారి రక్తరసం సాయంతో గుర్తించారు. అంతకుముందే ఎలుకల్లో కణితులు అతికించే ప్రయోగాలు జార్జ్ స్నెల్‌ను ఇలాంటి జన్యువుల దగ్గరికే తీసుకెళ్లాయి. 1980లో బెనాసెరాఫ్‌తో కలిపి ఈ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కానీ అప్పటికి ఈ అణువులంటే అవయవ మార్పిడికి అడ్డుపడే గుర్తులన్న భావనే బలంగా ఉండేది. ప్రకృతి సర్జన్లకు అడ్డుపడడానికి వీటిని పెట్టి ఉండదు కదా. అసలు పని జాడ 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో దొరికింది. వైరస్ సోకిన కణాన్ని ఎలుక టి-కణం చంపాలంటే వైరస్ ఉంటే సరిపోదనీ, ఆ కణం మీద తనకు తెలిసిన రకం అణువు కూడా ఉండాలనీ జింకర్‌నాగెల్, డోహర్టీ చూపించారు. టి-కణం వైరస్‌ను విడిగా చూడదు, సొంత అణువుతో కలిపే చూస్తుంది.

ఆ ‘కలిపి’ అంటే ఏమిటో 1987లో కళ్లకు కట్టింది. హార్వర్డ్‌లో పమేలా బ్యార్క్‌మన్, స్ట్రోమింజర్, వైలీ హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అణువును స్ఫటికంగా మార్చి ఎక్స్-కిరణాలతో దాని ఆకారం తీశారు. అణువు పైభాగంలో పొడవాటి గాడి ఉంది, ఆ గాడి ఖాళీగా లేదు. ఎవరూ అక్కడ ఏమీ పెట్టలేదు. కణంలో తయారైనప్పుడే అణువు ఏవో ముక్కలను పట్టుకుంది, ఎంత శుద్ధిచేసినా వాటిని వదల్లేదు. చిత్రంలో ఆ ముక్కలు మసకగా పడ్డాయి, ఎందుకంటే అవి ఒక రకంవి కావు, వేల రకాల కలగలుపు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫలితం ఇదే. ప్రయోగం చేసినవారు వెతకని చోట సొంత పెప్టైడ్లు, అంటే ప్రోటీన్ ముక్కలు, తమంతట తాము బయటపడ్డాయి. 1991లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో రామెన్‌సీ బృందం ఆ ముక్కలను ఆమ్లంతో విడదీసి చదివింది. ఏ2 గాడిలో పట్టేవి ఎక్కువగా తొమ్మిది అమైనో ఆమ్లాల పొడవుంటాయి, వాటి రెండో స్థానంలో తరచుగా లూసిన్, చివర వాలిన్ గానీ లూసిన్ గానీ వస్తాయి. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే ఇంకో రకం గాడికైతే రెండో స్థానంలో ఆర్జినిన్ కావాలి. గాడి అడుగున ఉన్న గుంతల ఆకారమే ఈ కోరికలకు కారణం. ఒకే ప్రోటీన్ ఇద్దరి కణాల్లోనూ తయారైనా, గాడులు వేరైతే బయట కనబడే ముక్కలూ వేరవుతాయి.

మొదటి తరగతి అని పిలిచే ఈ అణువులు ఒక్కో కణం మీద లక్ష దరిదాపుల్లో ఉంటాయి, ఏ, బి, సి అనే మూడు జన్యువుల నుంచి వస్తాయి. తల్లి నుంచి మూడు, తండ్రి నుంచి మూడు, అంటే ఒక మనిషికి గరిష్ఠంగా ఆరు రకాలు. ప్రపంచం మొత్తంలో నమోదైన హెచ్‌ఎల్‌ఏ రకాలు 40 వేలు దాటాయి. మనిషి జన్యువుల్లో ఇంత వైవిధ్యం ఉన్నవి వేరే లేవు.

ఇక ఎంపిక. మొదటి వడపోత సరఫరా దగ్గరే మొదలవుతుంది. పాతబడిన ప్రోటీన్లను ప్రోటియాజోమ్ అనే కోత యంత్రం ముక్కలు చేస్తుందన్నది పాఠ్యపుస్తకం మాట. కానీ ఒక ఇబ్బంది ఉంది. వైరస్ ప్రోటీన్లలో కొన్ని రోజుల తరబడి నిలిచేవైనా, వాటి ముక్కలు కణం మీద చాలా త్వరగా కనబడతాయి. 1996లో యూడెల్ దీనికి ఒక వివరణ ఇచ్చాడు: తయారీలోనే చెడిపోయిన కొత్త ప్రోటీన్లు వెంటనే కోతకు వెళ్తాయి, ప్రదర్శనకు పెద్ద వాటా అవే ఇస్తాయి. ఆలోచన నిలబడింది, వాటా ఎంతన్నదాని మీద మాత్రం వాదన ఇంకా నడుస్తోంది. 2016లో మాంట్రియల్ బృందం 18 మంది కణాల నుంచి 25 వేలకు పైగా పెప్టైడ్లు తీసి లెక్కగట్టింది. ఆ కణాల్లో పనిచేస్తున్న ప్రోటీన్ జన్యువుల్లో 41 శాతం నుంచి ఒక్క ముక్కా బయటికి రాలేదు. కొన్ని జన్యువుల నుంచి మాత్రం పదుల కొద్దీ వచ్చాయి. కణం తన లోపలి సంగతులన్నీ సమానంగా బయటపెడుతుందనుకునేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. టి-కణానికి కనబడని సొంతం చాలా ఉంది.

కోసిన ముక్కలు ట్యాప్ అనే ద్వారం గుండా ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లోకి వెళ్తాయి. అక్కడ ఇఆర్‌ఏపీ1 అనే ఎంజైము పొడవుగా ఉన్నవాటి కొసలు చెక్కి 8 నుంచి 10 అమైనో ఆమ్లాలకు తెస్తుంది. కొన్నిటిని ఎక్కువ చెక్కి పాడూ చేస్తుంది. గాడిలో కూర్చోబెట్టే పని టపాసిన్ చూస్తుంది. అది గాడిని కొంచెం తెరిచి ఉంచుతుంది కాబట్టి బలహీనంగా పట్టిన ముక్క జారిపోతుంది, గట్టిగా పట్టినది వచ్చేదాకా ఈ మార్పిడి సాగుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఎడిటింగ్ అనే అంటారు. ఫిల్మ్‌నగర్‌లో ఆ పని తెలిసినవారికి చెప్పనక్కర్లేదు: తీసిన ఫుటేజిలో ఎక్కువ భాగం ప్రేక్షకుడి దాకా రాదు, తెర మీద ఉన్నదే అతనికి సినిమా. ట్యాప్, టపాసిన్, మిగతా సహాయకులు అన్నీ కలిసి ఉన్న పెద్ద సముదాయం ఎలా ఉంటుందో 2017లో ఫ్రాంక్‌ఫర్ట్ బృందం క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూపించింది.

టపాసిన్ మీద అన్ని రకాల అణువులూ సమానంగా ఆధారపడవు. బి44:02, బి44:05 అనే రెండు రకాలకు తేడా 116వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం. మొదటిది టపాసిన్ లేకపోతే సరైన ముక్కను పట్టుకోలేదు, రెండోది దాని అవసరం పెద్దగా లేకుండానే గడిపేస్తుంది. ఈ 116వ స్థానం మళ్లీ వస్తుంది.

రెండో తరగతి అణువుల దారి వేరు. డీఆర్, డీక్యూ, డీపీ అనే ఇవి డెండ్రిటిక్ కణాలు, బి-కణాలు వంటి ప్రత్యేక కణాల మీద ఎక్కువ. కణం మింగినదాన్నీ, తన పొరల ప్రోటీన్లనూ ఇవి చూపిస్తాయి. వీటి గాడి కొసలు తెరిచి ఉంటాయి కాబట్టి 13 నుంచి 25 దాకా పొడవున్న ముక్కలు పడతాయి. పుట్టగానే గాడిలో క్లిప్ అనే తాత్కాలిక ముక్క ఉంటుంది. హెచ్‌ఎల్‌ఏ-డీఎం దాన్ని తీసేసి గట్టిగా నిలిచేదానికి చోటిస్తుంది. బయటి సూక్ష్మజీవులను చూపడానికే ఈ దారి అని మొదట్లో అనుకునేవారు. గాడులు కడిగి చూస్తే ఇక్కడా మెజారిటీ సొంత ముక్కలదే.

తెగిన రెండు ముక్కలు ప్రోటియాజోమ్‌లో అతుక్కుని, ఏ జన్యువులోనూ వరసగా లేని కొత్త పెప్టైడ్ పుడుతుందన్న సంగతి 2004 నుంచీ తెలుసు. అలాంటివి ఎన్నన్నదే తగాదా. 2016లో ఒక బృందం మొదటి తరగతి ముక్కల రకాల్లో మూడోవంతు దాకా ఇలాంటివేనంది. 2018లో అదే సమాచారాన్ని మళ్లీ విశ్లేషించినవారు వాటా కొద్ది శాతానికి మించదన్నారు. మాస్ స్పెక్ట్రోమీటర్ ఇచ్చే అంకెలను ఏ పట్టికతో పోల్చాలన్న దగ్గరే తేడా వస్తోంది. రెండో లెక్కే నాకు నమ్మదగినదిగా కనిపిస్తోంది. అయితే తక్కువ ఉన్నంత మాత్రాన ముఖ్యం కాదనలేం. డయాబెటిస్ మొదటి రకంలో ఇన్సులిన్ ముక్క, అదే కణంలోని వేరే ప్రోటీన్ ముక్కతో కలిసిన సంకర పెప్టైడ్లను టి-కణాలు గుర్తిస్తాయని 2016లోనే కొలరాడో బృందం చూపించింది.

ఇంత ఖర్చు పెట్టి సొంత ముక్కలనే చూపించడం దేనికి? నేచురల్ కిల్లర్ కణాలు ఈ ప్రదర్శన ఉన్నదో లేదో చూసుకుంటాయి. వైరస్ గానీ క్యాన్సర్ గానీ దాన్ని ఆపేస్తే ఆ లోటునే పట్టుకుంటాయి. ఇంకా కొత్త టి-కణాలు రక్తంలో బతికి ఉండడానికే సొంత పెప్టైడ్లతో తేలికపాటి స్పర్శ కావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది థైమస్‌లో జరిగే శిక్షణ. ఛాతీ ఎముక వెనక ఉండే ఈ గ్రంథిలో పుట్టిన టి-కణాల్లో నూటికి 95కు పైగా బయటికి రాకుండానే చచ్చిపోతాయి. సొంత గాడులను అసలు పట్టించుకోనివి ఆసరా లేక పోతాయి, సొంత ముక్కలకు మరీ గట్టిగా అంటుకునేవాటిని గ్రంథే తొలగిస్తుంది.

మరి కాలేయం, కన్ను, క్లోమం ప్రోటీన్లు ఛాతీలోని గ్రంథికి ఎలా తెలుస్తాయి? జవాబు ఫిన్‌లాండ్‌లో ఎక్కువగా కనబడే ఒక అరుదైన వంశపారంపర్య జబ్బులో దొరికింది. ఆ పిల్లల్లో ఒకటి తర్వాత ఒకటిగా గ్రంథుల మీద దాడి జరుగుతుంది. 1997లో కారణమైన జన్యువు బయటపడింది, దాని పేరు ఎయిర్. 2002లో ఎలుకల మీద చేసిన పని దాని పాత్ర చూపించింది: ఒంట్లో ఎక్కడెక్కడో మాత్రమే తయారయ్యే వేల ప్రోటీన్లను అది థైమస్‌లో కొద్దికొద్దిగా తయారు చేయిస్తుంది. ఇక్కడ పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. థైమస్‌లో ఇన్సులిన్ ఎక్కువగా తయారయ్యే జన్యు రకం ఉన్నవారికి మొదటి రకం డయాబెటిస్ ముప్పు తక్కువని 1997 నుంచే తెలుసు. అయినా ఈ శిక్షణ పూర్తి వడపోత కాదు. 2015లో స్టాన్‌ఫర్డ్ బృందం ఆరోగ్యవంతుల రక్తంలో సొంత పెప్టైడ్లను గుర్తించే టి-కణాలను లెక్కించి, అవి చాలానే ఉన్నాయని చూపించింది. పురుషుల్లో మాత్రమే ఉండే ప్రోటీన్‌ను గుర్తించే కణాలు సైతం పురుషుల్లో తగ్గాయి తప్ప మాయం కాలేదు. సొంతాన్ని గుర్తించగల కణం ఉండడం జబ్బు కాదన్నమాట. ఆ కణం ఎదుటికి, సరిగ్గా ఆ ముక్క, తగినంతగా, వాపు ఉన్న చోట వచ్చినప్పుడే చిక్కు.

బి27 కథ ఈ మొత్తాన్ని ఒకచోటికి తెస్తుంది. వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ రోగుల్లో అత్యధికులకు బి27 ఉందని 1973లో లండన్‌లోనూ లాస్ ఏంజెలిస్‌లోనూ వేర్వేరుగా తేలింది. మన ఊళ్లలో పాతికేళ్ల కుర్రాడు పొద్దున్నే నడుము పట్టేసిందంటే బరువు మోశావనో, బండి ఎక్కువ నడిపావనో అంటారు. లేచి తిరిగితే తగ్గే నొప్పి, పడుకుంటే పెరిగే నొప్పి అయితే అది వేరే సంగతి. పరీక్ష ఆలస్యమై, వెన్ను వంగిపోయాక వచ్చే రోగులను చూసిన ఏ కీళ్ల వైద్యుడైనా ఇదే చెబుతాడు. ఇదే బి27 కంటి ముందుభాగంలో వచ్చే తీవ్రమైన యువియైటిస్‌కూ ముఖ్య కారణాల్లో ఒకటి. ఎర్రకన్ను అని కళ్లకలకకు వాడే చుక్కలు వేసుకుంటూ కూర్చుంటే చూపుకే ముప్పు.

కానీ బి27 ఉన్నవారిలో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు. అన్ని బి27లూ ఒకటి కూడా కావు. సార్డీనియాలో కనబడే బి27:09, సాధారణంగా జబ్బు తెచ్చే బి27:05 నుంచి ఒక్క అమైనో ఆమ్లంలో తేడా. ఆ తేడా కూడా 116వ స్థానంలోనే. బి27:09కు ఈ జబ్బుతో సంబంధం కనబడలేదు. 2007లో ఇఆర్‌ఏపీ1 జన్యువుకూ ఈ జబ్బుకూ సంబంధం తేలింది, 2011లో ఆ ప్రభావం బి27 ఉన్నవారిలోనే కనిపిస్తుందని బయటపడింది. చెక్కే ఎంజైమూ, పట్టే గాడీ కలిసి ముప్పును నిర్ణయిస్తున్నాయంటే అనుమానం బి27 మోసే ముక్కల మీదికే వెళ్తుంది. ఇదొక్కటే వాదన కాదు. బి27 అణువు సరిగా మడతపడకపోవడం వల్ల కణం ఒత్తిడికి లోనవుతుందని కొందరు, ముక్క లేని గొలుసులు జంటలై వేరే కణాలను రెచ్చగొడతాయని ఇంకొందరు అంటారు. వాటికీ ఆధారాలున్నాయి. అయినా 2022 డిసెంబరులో వచ్చిన ఫలితం తూకాన్ని పెప్టైడ్ల వైపు ఒరిగించింది. రోగుల కీలు ద్రవంలో, కంటి ద్రవంలో దొరికిన టి-కణాల గ్రాహకాలు బి27 మోసే కొన్ని మానవ పెప్టైడ్లనూ, కొన్ని సూక్ష్మజీవుల పెప్టైడ్లనూ రెండింటినీ గుర్తించాయి. వెన్నుకూ కంటికీ ఒకే జబ్బు ఎందుకు తగులుతుందన్న పాత ప్రశ్నకు ఇంత దగ్గరి జవాబు ఇంతకుముందు లేదు.

బయటి నుంచి వచ్చిన చిన్న రసాయనం కూడా ఎంపికను మార్చగలదు. ఈ సంగతి హైదరాబాద్‌కు సొంతంగా పట్టేది, ఎందుకంటే ప్రపంచంలోని హెచ్‌ఐవీ రోగులకు మందులు పంపే కంపెనీల్లో కొన్ని ఈ నగరానివే. అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడినవారిలో కొందరికి జ్వరం, దద్దుర్లతో తీవ్రమైన ప్రతిచర్య వచ్చేది. ప్రతిచర్య నిర్ధారణ అయినవారికి బి57:01 ఉండేది. 1956 మంది మీద జరిపి 2008లో ప్రచురించిన పరీక్షలో, ముందే రక్తపరీక్ష చేసి ఆ రకం ఉన్నవారికి మందు ఇవ్వకపోతే నిర్ధారిత ప్రతిచర్యలు పూర్తిగా ఆగాయి. కారణం 2012లో తేలింది. మందు బి57:01 గాడి అడుగున ఒక గుంతలో దూరి కూర్చుంటుంది, దాంతో గాడి కోరిక మారిపోతుంది. ఇదివరకు పట్టని సొంత పెప్టైడ్లు ఇప్పుడు పడతాయి. థైమస్‌లో ఎన్నడూ కనబడని సొంతం టి-కణాల ముందుకొస్తుంది. దాడి జరిగేది ఆ కొత్త సొంతం మీద. మూర్ఛ మందు కార్బమజెపిన్‌కూ బి15:02కూ ఉన్న సంబంధం 2004లో తైవాన్‌లో బయటపడింది. అక్కడ స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చిన 44 మంది రోగుల్లో 44 మందికీ ఆ రకం ఉంది. చర్మం ఊడిపోయే ఆ జబ్బు నుంచి బతికి బయటపడినవారిలో కొందరికి కళ్లు ఎండి, రెప్పల అంచులు గరుకెక్కి చూపు పోతుంది. బంజారాహిల్స్ నేత్ర సంస్థ ఏళ్లుగా వీళ్ల కళ్ల మీద శ్రద్ధగా పనిచేస్తోంది. ఆ శస్త్రచికిత్సలు గొప్పవే, కానీ మాత్ర రాసే ముందు చేసే ఒక రక్తపరీక్ష వీటిలో కొన్నిటినైనా అవసరం లేకుండా చేస్తుంది.

క్యాన్సర్ వైద్యంలో ఇదే జ్ఞానం ప్రాణం పోసింది, తీసింది కూడా. హెచ్‌ఎల్‌ఏ-ఏ1 మోసే, క్యాన్సర్ కణాల్లోని మేజ్-ఏ3 ప్రోటీన్ ముక్కను వెతికేలా టి-కణాలను మార్చి రోగులకు ఎక్కించిన ఒక ప్రయోగంలో మొదటి ఇద్దరూ గుండె దెబ్బతిని చనిపోయారు. గుండె కండరంలోని టైటిన్ అనే ప్రోటీన్ నుంచి వచ్చే ఒక ముక్క, అదే గాడిలో, అసలు లక్ష్యాన్ని పోలి ఉందని 2013లో వచ్చిన పత్రాలు చెప్పాయి. మనిషి గుండె తన గాడుల్లో ఏం చూపిస్తుందో ముందే చదివి ఉంటే ఆ రెండు ప్రాణాలు నిలిచేవేమో. ఇంకోవైపు, కంటిలో పుట్టే మెలనోమాకు 2022 జనవరిలో అమెరికా అనుమతించిన టెబెంటాఫస్ప్ పూర్తిగా ఒక సొంత పెప్టైడ్ మీదే ఆధారపడింది. జీపీ100 ప్రోటీన్ ముక్కను ఏ02:01 గాడిలో చూసి అది టి-కణాలను అక్కడికి లాక్కొస్తుంది. ఏ02:01 లేని రోగికి ఆ మందు లేదు.

తెలుగు రోగికి ఇది ఎక్కడ తగులుతుందో ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. యూరప్‌లో ఏ2 అంటే చాలావరకు ఏ02:01. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎన్.కె. మెహ్రా బృందం దశాబ్దాలుగా చేసిన పని చూపినదేమంటే, భారతీయుల్లో ఏ2 ఉన్నా తరచుగా అది ఏ02:11 వంటి వేరే ఉపరకం. పాశ్చాత్య దేశాల ప్రయోగశాలలు ముందుగా చదివిన గాడినే లక్ష్యంగా పెట్టుకున్న మందులు మనవాళ్లలో తక్కువమందికి అందుతాయి. కీళ్లవాతం సంగతీ ఇంతే. డీఆర్ అణువులోని డీఆర్‌బీ1 గొలుసులో 70 నుంచి 74 వరకు ఉండే ఒక ఉమ్మడి వరస ముప్పు తెస్తుందని 1987లో గుర్తించారు. యూరప్‌లో ఆ వరసను ఎక్కువగా మోసేది 04:01. భారతదేశంలో 10:01 పాత్ర పెద్దది. ఆ వరస వల్ల గాడిలోని ఒక గుంతకు ధనావేశం ఉంటుంది, కాబట్టి ధనావేశమున్న ఆర్జినిన్ అక్కడ ఇమడదు. వాపు ఉన్న కీలులో ఆర్జినిన్ సిట్రులిన్‌గా మారితే ఆవేశం పోతుంది, ముక్క ఇముడుతుంది. 04:01 మీద ఈ పని లోతుగా జరిగింది. 10:01 మీద జరిగింది దానిలో కొంతే.

గాడి ఉంటే జబ్బు ఉన్నట్టు కాదనడానికి కూడా మన దక్షిణాదే సాక్ష్యం. గోధుమలోని ప్రోటీన్ వల్ల వచ్చే సీలియాక్ జబ్బుకు డీక్యూ2 గానీ డీక్యూ8 గానీ కావాలి. 2016లో వచ్చిన ఒక భారతీయ సర్వేలో ఈ రకాలు ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ దాదాపు సమానంగా, మూడోవంతు పైచిలుకు మందిలో ఉన్నాయి. జబ్బు మాత్రం ఉత్తరాన నూటికి ఒకరికి మించి, దక్షిణాన వెయ్యికి ఒకరికి. గోధుమ తినే పరిమాణం తేడా మామూలుది కాదు. ఈ జబ్బులో గాడిలో పడేది సొంత ముక్క కాకపోయినా, ఈ సర్వే అన్నం తినే మనవాళ్ల పళ్లెం నుంచి చపాతీల వైపు జరుగుతున్న మార్పును వైద్యులు గమనిస్తూ ఉండవలసిన కారణం చూపిస్తుంది.

మేనరికం మాట ఎత్తకుండా తెలుగు హెచ్‌ఎల్‌ఏ గురించి రాయలేం. ఈ జన్యువులు ఒక గుత్తిగా తల్లిదండ్రుల నుంచి వస్తాయి కాబట్టి, తోబుట్టువుల మధ్య పూర్తి జోడీ కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. అక్క కూతురిని చేసుకున్న మేనమామ పిల్లల్లో సగటున ఎనిమిదింట ఒకరికి రెండు గుత్తులూ ఒకే పూర్వీకుడివి అవుతాయి. మేనమామ కొడుకు, మేనత్త కూతురు పెళ్లాడితే పదహారింట ఒకరికి. అలాంటి బిడ్డకు ఆరు గాడుల బదులు మూడే, చూపించగల ముక్కల రకాలు ఆ మేరకు తగ్గుతాయి. హెచ్‌ఐవీ రోగుల్లో ఇలా ఒకే రకం రెండుసార్లు ఉన్నవారికి జబ్బు త్వరగా ముదిరిందని 1999లోనే తేలింది. అదే కుటుంబంలో మూలకణాల దాత అవసరమైతే మాత్రం తోబుట్టువుల్ని దాటి బంధువుల్లోనూ జోడీ దొరికే ఆశ ఎక్కువ. మేనరికం మీద ఉపన్యాసాలిచ్చేవారు రెండో సంగతి, సమర్థించేవారు మొదటి సంగతి సాధారణంగా వదిలేస్తారు.

తెలుగువాళ్ల జన్యు సమాచారం ప్రపంచ పట్టికల్లో లేకపోలేదు. 2015లో పూర్తయిన వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువారు 102 మంది ఒక ప్రత్యేక సమూహంగా ఉన్నారు. వారి హెచ్‌ఎల్‌ఏ రకాలనూ పరిశోధకులు చదివారు. అయితే 102 మంది ప్రవాసులను ‘తెలుగువాళ్లు’ అనుకుంటే పొరపాటు. 2017లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు ఫిన్‌లాండ్ ప్రజలకంటే కూడా బలంగా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినవని తేలింది. కులం లోపలే పెళ్లిళ్లు జరిగిన తరతరాల చరిత్ర ఇది. తెలుగు రాష్ట్రాల్లోనే ఒక సమూహంలో తరచుగా ఉన్న గాడి పక్క సమూహంలో అరుదు కావచ్చు.

గాడుల కోరికలు ప్రయోగశాలలో మార్చిన కణాల ద్వారా ఇప్పటికే చాలావరకు తెలుసు. 2020లో బోస్టన్ బృందం 95 రకాల మొదటి తరగతి అణువుల నుంచి 1,85,000కు పైగా పెప్టైడ్లు చదివింది. నిజమైన మానవ కణజాలాల్లో ఏం కనబడుతుందో చెప్పే పట్టిక 2021లో ట్యూబింగెన్ నుంచే వచ్చింది: 21 మంది, 29 రకాల కణజాలాలు, అన్నీ యూరప్‌లో సేకరించినవి. ఇలాంటి పని హైదరాబాద్‌లో తెలుగు రోగుల కణజాలాల మీద జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. బ్రిటన్ తెలుగువారి బి-కణాలు ప్రయోగశాలలో పెరిగే రూపంలో అమెరికాలోని కణబ్యాంకులో ఉన్నాయి. బి-కణాలు రెండు తరగతుల అణువులనూ మోస్తాయి కాబట్టి మొదలుపెట్టడానికి అవి చాలు. మాస్ స్పెక్ట్రోమీటర్లు తార్నాక వైపు సీసీఎంబీలో ఉన్నాయి. శస్త్రచికిత్సలో తీసేసే కణజాలాలు, రోగి సమ్మతితో, పంజాగుట్టలోనూ బంజారాహిల్స్‌లోనూ రోజూ దొరుకుతాయి. వరసలో మొదట ఏది చేయాలని నన్నడిగితే, డీఆర్‌బీ1 10:01 ఉన్న కీళ్లవాతం రోగి మోకాలి పొరను తీసుకుని, ఆ గాడిలో సిట్రులిన్ ఉన్న ముక్కలు ఏ ప్రోటీన్లవో చదవమంటాను. ఆ తర్వాత అదే రోగి రక్తంలో వాటిని గుర్తించే టి-కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కించాలి.